కాటా చూసిన చట్టం, కాటా పట్టిన చట్టం

ఎలివేటర్ అంటే మనకు లిఫ్టు. అమెరికా నడిమి మైదానాల రైతుకు మాత్రం ఆ మాట వినగానే రైలుపట్టాల పక్కన తాటిచెట్టును మించిన ఎత్తున, కిటికీలు లేకుండా నిలబడ్డ ధాన్యపు కొట్టు కళ్ళముందు కదులుతుంది. 1842లో బఫెలో రేవులో జోసెఫ్ డార్ట్ అనే వర్తకుడు ఆవిరితో నడిచే మొదటి ఎలివేటర్ కట్టించాడు. యంత్రం తిప్పే పట్టీకి బకెట్లు తగిలించి, పడవ అడుగున ఉన్న గోధుమను పైకి తోడి, అక్కణ్ణుంచి లోపలి గదుల్లోకి జారవిడవడం దాని పని. ఏతంతో నీళ్ళు తోడినట్టు గింజలు తోడడమన్నమాట. కూలీల వీపుల మీద రోజుల తరబడి సాగే పని గంటల్లో తేలిపోయింది.

కూలి పనితో పాటు ఇంకొకటి కూడా మారిపోయింది. మన ఇంటి గాదెలో ఉన్నవి మన వడ్లే. బస్తా కుట్టి, పైన పేరు రాసి పంపితే, అమ్ముడుపోయేదాకా ఆ బస్తా మనదే. ఎలివేటర్‌కు బస్తాతో పనిలేదు. గింజ నీళ్ళలా పారాలి. పది ఊళ్ళ గోధుమ ఒకే గదిలో పడుతుంది. అందులో ఎవరి గింజ ఏదో బ్రహ్మకు కూడా తెలియదు. గింజకు బదులు చేతికి రసీదు వస్తుంది: ఫలానా రకం, ఫలానా గ్రేడు, ఇన్ని బుషెళ్ళు. గోధుమకైతే బుషెల్ అంటే 60 పౌన్లు, మన లెక్కలో 27 కిలోల పైచిలుకు. వర్తకుల సంఘమైన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1856లో గోధుమను రకాలుగా విడదీసి ప్రమాణాలు పెట్టాక ఆ రసీదే సరుకైంది. చేతులు మారింది, అప్పుకు తాకట్టు అయింది, ఇంకా కోతకు రాని పంట మీద బేరాలకు దారి తీసింది. గింజ కొట్టులో ఉంది, ధర కాగితం మీద ఉంది, ఆ కాగితం విలువంతా ఒక్క మాటలో ఉంది. ఆ మాట గ్రేడు.

ఆ మాట పలికే హక్కు ఎవరిది? ఈ ప్రశ్నకు అమెరికా రాష్ట్రాలు చట్టాలతో చెప్పిన జవాబుల్లో రెండింటిని ఇక్కడ పక్కపక్కన పెట్టి చదువుతున్నాను. ఒకటి 1871 నాటి ఇల్లినాయ్ గిడ్డంగుల చట్టం. ప్రైవేటు యజమాని కాటా మీద ప్రభుత్వం కన్ను వేసింది. రెండోది 1919 నాటి నార్త్ డకోటా చట్టం. కాటా ప్రభుత్వమే పట్టుకుంది. మామూలుగా ఈ రెండింటినీ పోల్చేవాళ్ళు మొదటిది మితవాదమనీ, రెండోది సోషలిజమనీ తేల్చేసి, నడుమ ఉన్న అర్ధశతాబ్దాన్ని రైతు కోపం ముదిరిన కథగా చెబుతారు. ఆ పోలిక నాకు ఒప్పుదలగా లేదు. రెండూ ఒకే రోగానికి రాసిన మందుచీటీలు. మందు మారడానికి వైద్యుడి సిద్ధాంతం కన్నా రోగి ఉన్న ఊరే పెద్ద కారణమని నా వాదన.

గుమ్మం ఎవరి ఊళ్ళో ఉంది

ముందు ఇల్లినాయ్. 1848లో ఇల్లినాయ్, మిషిగన్ కాలువ తెరుచుకుంది. అదే ఏడు బోర్డ్ ఆఫ్ ట్రేడ్ పుట్టింది. ఆ తరువాత రైళ్ళు వచ్చాయి. పడమటి గోధుమంతా షికాగో గుమ్మం దాటే తూర్పుకు పోవలసి వచ్చింది. ఆ గుమ్మంలో ఎన్ని ఎలివేటర్లు ఉన్నాయో కోర్టు రికార్డులకే ఎక్కింది: మొత్తం 14, యజమానులు సుమారు 30 మంది, వాళ్ళందరూ కలిసి 9 సంస్థలు. ఒక్కో ఎలివేటర్‌లో 3 లక్షల నుంచి 10 లక్షల బుషెళ్ళు పడతాయి. ఏడాది మొదట్లో ఈ తొమ్మిది సంస్థలూ కూడబలుక్కుని అద్దెలు నిర్ణయించి పత్రికల్లో ప్రకటించేవి. దొంగచాటు వ్యవహారం కాదది, బాహాటమే. ఎవరి దగ్గరికి పోయినా అదే రేటు.

రాష్ట్రానికి కలిసొచ్చింది ఒకటే: ఆ గుమ్మం ఇల్లినాయ్‌లోనే ఉంది. రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో చట్టం చేస్తే షికాగోకు వెళ్ళి తలుపు తట్టవచ్చు. లైసెన్సు అడగవచ్చు, పుస్తకాలు తెరవమనవచ్చు, వినకపోతే జరిమానా వేయవచ్చు. చేతికందే దూరంలో ఉన్న దొంగను కట్టడి చేయడానికి కొత్తగా కొట్టు కట్టుకోనక్కరలేదు.

నార్త్ డకోటా సంగతి వేరు. 1889లో రాష్ట్రమైన ఈ గోధుమ నేలకు గుమ్మం తన ఇంట్లో లేదు. పంట మినియాపొలిస్‌కో, డులూత్‌కో పోవాలి. రెండూ పక్క రాష్ట్రం మినెసోటాలోవి. ఊరి ఎలివేటర్లలో చాలావాటి యజమానులు మినియాపొలిస్‌లో ఉండేవారు. ధర పలికేది అక్కడ, గ్రేడు పెట్టేది అక్కడ. బిస్మార్క్‌లో కూర్చున్న శాసనసభ ఎంత గట్టిగా అరిచినా ఆ కేక సరిహద్దు నది దాటదు.

మితవాదం, సోషలిజం అనే విభజన ఎందుకు నిలవదో చెప్పే సాక్ష్యం ఒకటుంది. నార్త్ డకోటా ముందు నడిచింది ఇల్లినాయ్ దారిలోనే. 1891లో ఊరి ఎలివేటర్ల అద్దెకు పరిమితి పెడుతూ చట్టం చేసింది. ఒక చిన్న ఎలివేటర్ యజమాని, నాది నా సొంత గోధుమ కోసం కట్టుకున్న కొట్టు, నాకెందుకు ఈ ఆంక్షలు అని కోర్టుకెక్కితే, 1894లో అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో చట్టాన్నే నిలబెట్టింది. అంటే అదుపు చట్టం ఉంది, కోర్టు ఆమోదమూ ఉంది. అయినా రైతు గోడు తీరలేదు. ఊళ్ళో కొట్టు అద్దె తగ్గించగలిగారు కానీ మినియాపొలిస్‌లో పెట్టిన గ్రేడును మార్చలేకపోయారు.

అందుకే అక్కడి ఓటర్లు 1912లో రాజ్యాంగాన్ని సవరించి, రాష్ట్రం తన సొమ్ముతో మినెసోటాలో గానీ విస్కాన్సిన్‌లో గానీ ఎలివేటర్ పెట్టుకోవచ్చని రాసుకున్నారు. ఒక రాష్ట్ర ప్రభుత్వం పొరుగు రాష్ట్రంలోకి వెళ్ళి కొట్టు తెరవడానికి అనుమతి! గుమ్మం మన ఇంటికి రాకపోతే మనమే గుమ్మం దగ్గరికి పోదామన్న ఆలోచనది. 1914లో సొంత గడ్డ మీద కట్టుకోవడానికీ ఓటేశారు. 1915లో శాసనసభ ఆ పని చేయనని తేల్చేసింది. సొంతం చేసుకోవడం నార్త్ డకోటాకు మొదటి కోరికేమీ కాదు, మిగతా దారులన్నీ మూసుకుపోయాక కనిపించిన దారి.

కలం పట్టింది ఎవరు

ఇల్లినాయ్ చట్టాన్ని చరిత్ర పుస్తకాలు ‘గ్రేంజర్ చట్టం’ అంటాయి. 1867లో మొదలైన గ్రేంజ్ రైతు సంఘాల పేరు మీదుగా వచ్చిన మాట. రైతుల ఒత్తిడి నిజమే. చట్టం చదివితే మాత్రం అందులో వినిపించే గొంతు పూర్తిగా రైతుది కాదు. 1869-70లో రాష్ట్ర రాజ్యాంగ సభలో గిడ్డంగుల మీద విరుచుకుపడ్డవాళ్ళలో షికాగో ట్రిబ్యూన్ పత్రికకు చెందిన జోసెఫ్ మెడిల్ ఒకడు. బోర్డ్ ఆఫ్ ట్రేడ్ వర్తకులూ ఎలివేటర్ యజమానుల మీద మండిపడుతూనే ఉన్నారు. ఎందుకంటే వాళ్ళు కొనేది రసీదులు. రసీదు వెనక గింజ లేకపోతే మునిగేది వాళ్ళే.

1870 రాజ్యాంగంలో 13వ అధికరణం మొత్తం గిడ్డంగులకే కేటాయించారు. అందులోని నిబంధనలు లెక్కల గుమాస్తా రాసినట్టుంటాయి. లక్ష జనాభాకు తక్కువ కాని పట్టణాల్లో ఎలివేటర్ యజమాని ఏ గ్రేడు ఎంత ఉందో వారం వారం ప్రమాణపూర్వకంగా రాసి, తన ఆఫీసులో అందరికీ కనబడేలా అంటించాలి. సరుకు గలవాడు ఒప్పుకోకుండా ఒక గ్రేడును మరో గ్రేడుతో కలపకూడదు. సరుకు గలవాడు వచ్చి సరుకునూ పుస్తకాలనూ చూసుకోవచ్చు. దాని మీద కట్టిన 1871 చట్టం లైసెన్సు, 10,000 డాలర్ల పూచీకత్తు, రసీదుల నమోదు, రాష్ట్ర తనిఖీ తెచ్చింది. అద్దెకు పరిమితి పెట్టింది: మొదటి 30 రోజులకు బుషెల్‌కు 2 సెంట్లు, ఆపై ప్రతి 15 రోజులకు అర సెంటు. లక్ష జనాభా ఉన్న పట్టణం రాష్ట్రంలో షికాగో ఒక్కటే. పేరు ఎత్తకుండానే వేలెత్తి చూపిన చట్టమిది. యజమానిని తిట్టదు, పొమ్మనదు. నిన్ను నమ్మను, చూపించు అంటుంది.

నార్త్ డకోటా చట్టం స్వరం పూర్తిగా వేరు. 1915 శాసనసభ నిరాకరణ తరువాత ఒక మాట ఊరూరా పాకింది: ఇంటికి పోయి పందులకు కుడితి పోసుకోండి అని ఒక సభ్యుడు రైతులతో అన్నాడట. ఆయన అనలేదనే చెప్పుకున్నాడు. అన్నా అనకపోయినా, ఆ మాట అనగలిగే సభే అదని రైతులు నమ్మారు. అవిసె పంట వేసి దివాలా తీసిన ఏ.సి. టౌన్‌లీ అనే రైతు అదే ఏడాది నాన్‌పార్టిజన్ లీగ్ మొదలుపెట్టాడు. ఫోర్డు కార్లలో పొలం పొలం తిరిగి చందాలు వసూలు చేశారు. 1916 ఎన్నికల్లో లీగ్ నిలబెట్టిన లిన్ ఫ్రేజియర్ అనే రైతు గవర్నరయ్యాడు. 1919 నాటికి రెండు సభలూ చేతికొచ్చాయి. ఒక్క సమావేశంలోనే రాష్ట్ర బ్యాంకు, వడగళ్ళ బీమా, మిల్లు ఎలివేటర్ల సంఘం, వీటన్నిటి మీదా ఒక పారిశ్రామిక కమిషన్ వచ్చాయి. ఆ కమిషన్‌లో ముగ్గురే: గవర్నరు, అటార్నీ జనరల్, వ్యవసాయ కమిషనరు. ముగ్గురూ ఓట్లతో గెలిచినవాళ్ళే.

ఇది యజమాని రాసుకున్న దస్తావేజు. రాష్ట్రం వ్యాపారంలోకి దిగుతుంది, కొట్లు కడుతుంది, మిల్లు నడుపుతుంది, అందుకు 50 లక్షల డాలర్ల దాకా బాండ్లు అమ్ముతుంది. ఇల్లినాయ్ రచనలో పేజీకి పది అనుమానాలుంటే, ఇందులో కనిపించేది ఆత్మవిశ్వాసం. పని మనవాళ్ళ చేతిలో ఉంటే మోసం ఎలా జరుగుతుందన్న ధీమా. ఆ మనవాళ్ళు తప్పు చేస్తే ఏమిటన్న ప్రశ్నకు చట్టం మనసులో ఉన్న జవాబు ఓటు ఒక్కటే. ఆ జవాబు ఎంత తొందరగా అవసరపడుతుందో రాసినవాళ్ళు ఊహించి ఉండరు.

దొంగ అడుగు, మంచి రొట్టె

ఈ రెండు చట్టాల వెనకా చెరొక కథ ఉంది. రెంటికీ మూలం గ్రేడే.

షికాగోలో మన్ అండ్ స్కాట్ అని ఒక ఎలివేటర్ సంస్థ. ఇరా మన్ చిన్నవాడేమీ కాదు. ఒకప్పుడు బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌కే అధ్యక్షుడు. 1871 చట్టం వచ్చాక ఈ సంస్థ లైసెన్సు తీసుకోలేదు. 100 డాలర్ల జరిమానా పడింది. పైకోర్టులకు వెళ్ళారు: మా కట్టడం, మా సొత్తు, అద్దె ఎంతో చెప్పడానికి శాసనసభ ఎవరు? ఆ కేసు నడుస్తుండగానే 1872లో సంస్థ కుప్పకూలింది. కూలాక బయటపడిన నిజం ఏమిటంటే, వాళ్ళు లేని గింజకు రసీదులు ఇచ్చారు. బోర్డు మనుషులు నిల్వలు కొలవడానికి వస్తారని తెలిసి, ధాన్యపు గదుల్లో పైకి దగ్గరగా చెక్కలతో దొంగ అడుగు వేశారు. దాని మీద గింజలు పోశారు. పైనుంచి తొంగి చూసినవాడికి గది నిండుగా కనిపిస్తుంది. చెక్క కింద ఖాళీ. బోర్డు మన్‌నూ స్కాట్‌నూ వెలివేసింది.

కిరాణా కొట్లో డబ్బా అడుగున కాగితాలు కుక్కి పైన పప్పు పోసే చేతివాటం మనకు కొత్త కాదు. ఇక్కడ ఆ డబ్బా లక్షల బుషెళ్ళది. ఇల్లినాయ్ చట్టంలో వారం వారం అంటించమన్న లెక్క, రసీదుల నమోదు, సరుకు చూసుకునే హక్కు దేనికోసమో ఈ ఒక్క చెక్క అడుగు చెబుతుంది. అయినా కోర్టులో, పత్రికల్లో వాదమంతా 2 సెంట్ల అద్దె చుట్టూ తిరిగింది.

డకోటా కథలో మోసం కంటికి కనిపించేది కాదు. 1916లో తుప్పు తెగులు గోధుమను దెబ్బతీసింది. గింజ ముడుచుకుపోయి తేలికైంది. మార్కెట్ దాన్ని అట్టడుగు గ్రేడులో, పశువుల దాణా కింద పడేసింది. ఫార్గోలోని వ్యవసాయ కళాశాలలో ఎడ్విన్ లాడ్ అనే రసాయన శాస్త్రవేత్త ఉన్నాడు. ఆహార కల్తీ మీద అప్పటికే యుద్ధం చేసినవాడు. ఆయన ఆ దాణా గోధుమను తెప్పించి మర ఆడించాడు, పిండి కలిపించాడు, రొట్టె కాల్పించాడు. రొట్టె శుభ్రంగా పొంగింది. రైతుకు దాణా ధర ఇచ్చి కొన్న గింజ మనుషులు తినే పిండిగా అమ్ముడుపోతోందని ఆ పొయ్యి సాక్ష్యం చెప్పింది. దీనికి తోడు తాలు, మట్టి, కలుపు గింజల పేరుతో తూకంలో కోత. కోసిన దానికి రైతుకు పైసా రాదు, అదే తాలును దాణాగా అమ్ముకునేది కొన్నవాడు.

షికాగోలో రసీదు మీద రాసిన మాట అబద్ధం. డకోటాలో ఆ మాట నిబంధనల ప్రకారం నిజమే, నిబంధనే అన్యాయం. మొదటిదాన్ని పట్టుకోవడానికి తనిఖీదారు చాలు. రెండోదాన్ని తనిఖీదారు పట్టుకోలేడు, ఎందుకంటే అతను అమలు చేసేది ఆ నిబంధననే. దాన్ని సవాలు చేయడానికి సొంత మర కావాలి. గింజ విలువ పిండిలో తేలాలంటే ఎవరో ఒకరు పిండి పట్టి చూపాలి కదా. లాడ్ ప్రయోగశాలలో చేసింది రాష్ట్రం పెద్ద ఎత్తున చేస్తే అది మిల్లు. నార్త్ డకోటా చట్టం ఎలివేటర్‌తో ఆగకుండా మిల్లు దాకా వెళ్ళడంలోని తర్కం నాకు ఇక్కడే దొరికింది.

న్యాయమూర్తుల బల్ల మీద

మన్ వర్సెస్ ఇల్లినాయ్ తీర్పు 1877 మార్చి 1న వచ్చింది. 7-2. ప్రధాన న్యాయమూర్తి వెయిట్, పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు న్యాయకోవిదుడు హేల్ రేవుల గురించి రాసిన దాన్ని తవ్వి తీశాడు. రేవులో ఒక్కటే క్రేను ఉంటే దాని యజమాని ఇష్టమొచ్చినంత అడగకూడదని హేల్ మాట. తన సొత్తును ప్రజలందరూ ఆధారపడే పనికి పెట్టినవాడు, ఆ మేరకు ప్రజల అదుపుకు తల ఒగ్గాలని వెయిట్ తీర్మానం. షికాగో ఎలివేటర్లు వర్తకపు గుమ్మంలో నిలబడి దాటే ప్రతివాడి దగ్గరా సుంకం పుచ్చుకుంటున్నాయని ఆయన చిత్రించాడు. శాసనసభ హద్దు మీరితే ప్రజలు పోవలసింది పోలింగుకు గానీ కోర్టుకు కాదన్నాడు.

జస్టిస్ ఫీల్డ్ ఒప్పుకోలేదు. పేరు మార్చినంత మాత్రాన రంగు మారదు; శాసనసభ దర్జీ కొట్టును పబ్లిక్ గిడ్డంగి అంటే అది పబ్లిక్ అయిపోతుందా? ఈ లెక్కన ఇంటద్దె కూడా ప్రభుత్వమే రాయవచ్చు కదా అని నిలదీశాడు. ఫీల్డ్ భయం ఉత్తదేమీ కాదు. వెయిట్ గీసిన గీత ఎక్కడ ఆగాలో ఎవరికీ తెలియలేదు; 1934లో పాల ధర కేసులో సుప్రీంకోర్టు ఆ గీతనే చెరిపేసింది. అయితే ఫీల్డ్ వాక్యాల్లో ఆస్తి అంటే భవనమే. ఆ భవనంలో పోసిన గింజ కూడా ఎవరిదో ఆస్తేనన్న ఊసు తక్కువ. తీర్పు వచ్చేనాటికి మన్ అండ్ స్కాట్ దివాలా తీసి అయిదేళ్ళు. దొంగ అడుగు వేసినవాడి పేరు ఆస్తిహక్కు కేసుగా న్యాయశాస్త్ర పుస్తకాల్లో మిగిలిపోయింది. ఫీల్డ్‌కు గోడలు కనిపించాయి, వెయిట్‌కు గుమ్మం కనిపించింది. గది అడుగు ఇద్దరికీ కనపడలేదు.

గుమ్మం మీద గెలిచిన అదుపు చట్టాలు సరిహద్దు దగ్గర ఓడాయి. 1886లో వాబాష్ కేసు: రాష్ట్రం దాటి పోయే రైలు సరుకు రేట్లలో రాష్ట్రం జోక్యం చేసుకోరాదు. మరుసటి ఏడే కేంద్రం అంతర్రాష్ట్ర వాణిజ్య కమిషన్ పెట్టింది.

ఇక డకోటా. ఇక్కడ చరిత్ర మనకోసం ఒక ప్రయోగం చేసి పెట్టింది. 1919లో ఆ శాసనసభ రెండు పనులూ ఒకేసారి చేసింది. సొంత మిల్లుకు చట్టం చేసింది. దాంతోపాటు ఇల్లినాయ్ పద్ధతిలో గ్రేడింగు చట్టం కూడా చేసింది: గోధుమ కొనేవాళ్ళకు లైసెన్సు, తాలుకు కూడా విలువ కట్టాలన్న షరతు, మినియాపొలిస్ ధరకూ ఊరి ధరకూ నడుమ ఎంత తేడా న్యాయమో చెప్పే అధికారం రాష్ట్ర తనిఖీదారుకు. రెండూ సుప్రీంకోర్టుకెక్కాయి. సొంత మిల్లు మీద పన్ను చెల్లించేవాళ్ళు వేసిన కేసులో 1920లో కోర్టు ఏకగ్రీవంగా రాష్ట్రం వైపు నిలిచింది. ప్రజలూ శాసనసభా రాష్ట్ర కోర్టూ ప్రజాప్రయోజనం అంటుంటే మేం కాదనలేం అంది. గ్రేడింగు చట్టాన్ని 1922లో కొట్టేసింది: ఆ గోధుమ రాష్ట్రం దాటి పోయేది, దాని కొనుగోలు అంతర్రాష్ట్ర వాణిజ్యం.

కన్ను వేస్తే తప్పు, కొట్టు పెడితే ఒప్పు! సోషలిస్టు ప్రయోగం అని దేశమంతా వణికిన చట్టం నిలిచింది, మితమైన అదుపు చట్టం పడింది. రెండు చట్టాలనూ సిద్ధాంతం కొలబద్దతో కొలిచేవాళ్ళకు ఈ ఫలితం తలకిందులుగా కనిపిస్తుంది. భూగోళం పటం పెట్టుకుని చదివితే ఇందులో వింతేమీ లేదు. షికాగో ఇల్లినాయ్‌లో ఉంది, మినియాపొలిస్ నార్త్ డకోటాలో లేదు.

ఓడినవాళ్ళు కట్టిన మిల్లు

గెలిచిన చట్టం గెలిచినట్టు నడిచిందా? లేదు. తూర్పున బాండ్లు కొనేవాళ్ళు మొహం చాటేశారు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక గోధుమ ధర పడిపోయింది. 1921 అక్టోబరులో ఓటర్లు ఫ్రేజియర్‌ను పదవి నుంచి దించేశారు. అమెరికాలో అలా వెనక్కు పిలిపించుకున్న మొదటి గవర్నరు ఆయనే. రెండోది 2003లో కాలిఫోర్నియాలో. ఫ్రేజియర్‌తో పాటు పారిశ్రామిక కమిషన్‌లోని మిగతా ఇద్దరూ పోయారు. అటార్నీ జనరల్ విలియం లెమ్కీ పేరు మాత్రం గ్రేడింగు కేసుకు తగులుకుని ఉండిపోయింది.

అయితే అదే రోజు అదే ఓటర్లు లీగ్ పథకాలను కూల్చే ప్రతిపాదనలనూ తిరస్కరించారు. మనుషుల్ని పంపేశారు, సంస్థను ఉంచుకున్నారు. గ్రాండ్ ఫోర్క్స్‌లో మిల్లు 1922 అక్టోబరులో తెరుచుకుంది. తెరిచింది లీగ్ ప్రత్యర్థి, కొత్త గవర్నరు నెస్టోస్ ప్రభుత్వం. ఆ నెల గడిచాక నవంబరులో ఫ్రేజియర్ సెనేట్‌కు ఎన్నికయ్యాడు. రైతులు ఏమనుకుంటున్నారో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన ఓటు దొరకదు: నిర్వహణ మీద నమ్మకం పోయింది, అవసరం పోలేదు.

మిల్లు మొదటి ఏళ్ళలో నష్టాల్లో ఈదింది. ఇప్పుడు లాభాల్లో ఉంది, లాభంలో వాటా రాష్ట్ర ఖజానాకు జమ చేస్తోంది. అమెరికాలో రాష్ట్ర ప్రభుత్వం నడిపే పిండిమిల్లు అదొక్కటే. కానీ మినియాపొలిస్ గ్రేడు పెత్తనాన్ని అది కూల్చలేదు. ఆ పనిలో చాలా భాగం 1916లో కేంద్రం చేసిన ధాన్య ప్రమాణాల చట్టం, గిడ్డంగుల చట్టం చేతుల్లోకి పోయింది. ఇల్లినాయ్‌లో కూడా అంతే. 2 సెంట్ల పరిమితి గురించి దేశమంతా కొట్లాడారు, మిగిలింది మాత్రం ఎవరూ కొట్లాడని భాగం: రసీదుల నమోదు, యజమానికి సంబంధం లేని తనిఖీదారు, బహిరంగ లెక్క. ఈనాడు ప్రపంచంలో ఎక్కడ గిడ్డంగి రసీదు మీద అప్పు పుడుతున్నా ఆ నమ్మకానికి వేరు అలాంటి నిబంధనల్లోనే ఉంది.

ఏది మెరుగు

విమర్శకుడు తప్పించుకోకూడదు కాబట్టి చెబుతాను. రచనగా ఇల్లినాయ్ చట్టం మెరుగు. మనిషి స్వభావం తెలిసిన చట్టమది. ఎవరి మంచితనాన్నీ పూచీ పెట్టుకోదు. సాహసంగా నార్త్ డకోటా చట్టం మెరుగు. గ్రేడు అనే మాటలోనే దొంగతనం ఉండగలదని కనిపెట్టి, దాన్ని రొట్టె కాల్చి నిరూపించవచ్చని గ్రహించింది. ఒక్కోదాని లోపం ఇంకోదాని బలం. ఇల్లినాయ్ చట్టం కాటా సరిగ్గా ఉందో లేదో చూస్తుంది గానీ రాళ్ళ బరువు ఎవరు నిర్ణయించారని అడగదు. డకోటా చట్టం రాళ్ళు మార్చింది గానీ కాటా పట్టినవాణ్ణి చూసే కన్ను పెట్టుకోలేదు. ఓటు ఆ కన్నుకు బదులు కాలేదు. ఓటు గవర్నరును దించగలదు. రైతు తెచ్చిన ఒక్క బండి గోధుమకు పడిన గ్రేడును తిప్పలేదు.

ఈ చర్చ మన రైతుకు అంత దూరమేమీ కాదు. 1933 నాటి మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం, దాని తరువాత 1966 ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం ఇల్లినాయ్ జాతివి: వ్యాపారికి లైసెన్సు, యార్డులో బహిరంగ వేలం, తూకం మీద కన్ను. వడ్ల కొనుగోలు కేంద్రం డకోటా జాతిది: ప్రభుత్వమే కొంటుంది. మిర్చి అమ్మేటప్పుడు మొదటి చట్టం నీడలో, వడ్లు అమ్మేటప్పుడు రెండో పద్ధతి నీడలో నిలబడతాడు మన రైతు. సరిహద్దు తగాదా కూడా మనకు తెలిసిందే. మార్కెట్లు రాజ్యాంగంలో రాష్ట్రాల జాబితాలోవి. యార్డు గోడ దాటిన వ్యాపారం ఎవరిదన్న ప్రశ్న మీదే 2020లో కేంద్రం చేసిన సాగు చట్టాలు ఏడాదికి పైగా నలిగి 2021లో రద్దయ్యాయి.

కొనుగోలు కేంద్రంలో ధర ముందే నిర్ణయమై ఉంటుంది, కొనేది సర్కారు. డకోటా రైతులు కలగన్నది దాదాపు ఇదే. అయినా అక్కడ గొడవ ఆగదు. తేమ యంత్రంలో గుప్పెడు వడ్లు పోస్తారు. 17 శాతం లోపు వస్తే సరే. ఒక్క పాయింటు మీరితే కళ్ళంలో ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలి, మబ్బు పడితే గుండె దడదడ. తూకమయ్యాక తాలని, తేమని బస్తాకు ఇంత తరుగు. లారీ మిల్లుకు చేరాక అక్కణ్ణుంచి ఫోను: ఇంకో కిలో కోయాలి. ఆ కిలో ఎవరు నిర్ణయించారు, ఏ లెక్కన, దాని మీద ఎవరికి చెప్పుకోవాలి? ఫోను పెట్టేశాక అడగడానికి మనిషి ఉండడు.

అందుకే ఈసారి అలాంటి కేంద్రానికి వెళ్ళినప్పుడు నేను ధరల బోర్డు కన్నా ముందు ఎలక్ట్రానిక్ కాటాను చూస్తాను. దాని అంకెల పెట్టె తూచేవాడి వైపు తిరిగి ఉందా, వడ్లు తెచ్చినవాడి వైపు తిరిగి ఉందా అని.